చిన్నతాత మనిషి

నేను ఏం చదువుతున్నానో మా నాన్న ఎవరికీ పూర్తిగా చెప్పడు. ఎవరైనా అడిగితే "హిస్టరీ" అని ఆగిపోతాడు. ఏం హిస్టరీ అని ఇంకా గుచ్చితే "పాత హిస్టరీయే" అంటాడు, అక్కడికి కొత్తది వేరే ఎక్కడో అమ్ముతున్నట్టు. నిజానికి నాది కొత్త చరిత్రే. ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లు, మగవాళ్లతో బతుకు పంచుకున్న మగవాళ్లు, ఆడామగా అన్న గీతకు అటూ ఇటూ నిలబడినవాళ్లు ఈ నూటయాభై ఏళ్లలో తమ గురించి తాము ఏమనుకున్నారు, పక్కవాళ్లు వాళ్లను ఏమని పిలిచారు, మన పల్లెల్లో వాళ్ల ఆనవాళ్లు ఏమైనా మిగిలాయా అన్నది నా పరిశోధన. డిచ్‌పల్లి క్యాంపస్‌లో ఈ సంగతి చెప్పిన రోజు మా గైడు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆధారాలు ఎక్కడ దొరుకుతాయమ్మా అని అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లో తెలుసా అన్నారు. రెండోదే అసలు ప్రశ్న అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అందరూ అడిగేది ఒకటే, నీకే ఎందుకీ సబ్జెక్టు అని. నిజామాబాద్ పసుపు మార్కెట్ మీద పీహెచ్‌డీ చేసేవాణ్ణి నీకెందుకయ్యా పసుపు అని ఎవరూ అడగరు. నన్ను మాత్రం బంధువుల పెళ్లిలో భోజనాల వరస దగ్గర నిలబెట్టి మరీ అడుగుతారు. ఒళ్లు మండిపోతుంది. వాళ్ల అనుమానం నిజం కావడం వల్ల ఇంకా ఎక్కువ మండుతుంది. నిజామాబాద్‌లో నేను అద్దెకుండే గదిలో నాతో పాటు ఒకామె ఉంటుంది. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మేమిద్దరం అక్కాచెల్లెళ్ల పిల్లలమని ఓనరమ్మకు చెప్పాం, రూమ్మేటని మా ఇంట్లో చెప్పాను. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. అప్పుడప్పుడు మెట్ల మీద నిలబడి, మీ ఇద్దరికీ పోలికలే లేవే అంటుంది. నేను నవ్వేసి పైకి వెళ్లిపోతాను, వెళ్లాక ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంటాను.

నా పనిలో అనుమానమే పనిముట్టు. నిజాం కాలంలో చీరకట్టు మగవాళ్ల పేర్లు పోలీసుల దగ్గర రాయించాలని ఒక చట్టం ఉండేది. మొన్న మొన్నటిదాకా అది చట్టాల పుస్తకంలో చావకుండా పడి ఉంది. అంటే మాలాంటి వాళ్ల గురించి పాత కాగితాల్లో దొరికేదంతా మమ్మల్ని అనుమానించినవాళ్లు రాసిందే. మావాళ్లు తమ గురించి తాము రాసుకున్నది చాలా తక్కువ. అందుకని నేను వేరే మాటల కోసం వెతకడం నేర్చుకున్నాను. ఒక పెళ్లికాని పెద్దమనిషి ఇంట్లో జీవితాంతం ఉండిపోయిన వంటమనిషి, దూరపు చుట్టం, కారుకూతలు పడ్డ స్నేహితుడు. ఇలాంటివాళ్లు ఎక్కడ కనపడ్డా నేను అక్కడ ఆగుతాను. ప్రతి వంటమనిషీ ప్రియుడు కాడు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ కొందరు అయ్యుంటారు కదా.

ఇంతా చదివి, మా ఇంటి విషయం మాత్రం నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

కోస్తా నుంచి నిజాంసాగర్ కాలువ భూములకు వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. బోధన్ నుంచి వర్ని పోయే దారిలో మాదొకటి. మా తాత, ఆయన తమ్ముడు, ఇద్దరూ కుర్రతనంలోనే వచ్చారు. మా తాత పెళ్లి చేసుకుని క్యాంపు నడిబొడ్డున ఇల్లు కట్టాడు. తమ్ముడు, అంటే మా చిన్నతాత, పెళ్లి చేసుకోలేదు. కాలువ గట్టు పక్కన చేలోనే రెండు గదుల పెంకుటిల్లు వేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఎందుకు చేసుకోలేదంటే ఇంట్లో అందరి దగ్గరా ఒకటే జవాబు, ఆయన జాతకంలో లేదు. ఆ జాతకం ఎవరైనా చూశారా అని నేనొకసారి అడిగితే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

ఆ పెంకుటింట్లో ఆయనతో ఇంకో మనిషి ఉండేవాడు. బోధన్ పక్క పల్లెవాడు, ఇక్కడి మనిషి. మేమందరం ఆయన్ని కాకా అనే పిలిచేవాళ్లం, మా నాన్నతో సహా. కాకా అంటే బాబాయి అని మా నాన్నకూ తెలుసు, అయినా ఆ మాటను మావాళ్లు ఒక పేరుగా వాడేశారు తప్ప వరసగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. వయసులో ఉండగా కాకా బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు తోలేవాడు. చెరకు సీజన్లో గేటు ముందు బండ్ల లైను రోజుల తరబడి కదిలేది కాదట. ఎడ్లకు మేత వేసుకుంటూ, బండి కింద వండుకుంటూ పడుండేవాళ్లట. చిన్నతాత తన చెరకుతో ఆ లైన్లో నిలబడినప్పుడు పరిచయమయ్యాడు. సీజను అయిపోయింది, బండ్లు వెళ్లిపోయాయి, కాకా మాత్రం చిన్నతాత వెంట వచ్చేశాడు. తర్వాత ఫ్యాక్టరీ కూడా మూతపడింది. చెరకు పోయి వరి వచ్చింది. కాకా అక్కడే ఉన్నాడు.

ఆయన పల్లెవాళ్లు, ఆంధ్రోళ్ల ఇంట్లో పడి ఉన్నాడని ఆయన్ని వదిలేశారు. మావాళ్లు మన చేలో మనిషి అన్నారు. చిన్నప్పుడు నేను సెలవుల్లో ఆ ఇంటికి పరిగెత్తేదాన్ని. వసారాలో రెండు నులకమంచాలు పక్కపక్కనే ఉండేవి. కాకా వండేవాడు, చిన్నతాత గిన్నెలు తోమేవాడు. ఏ ఆసామి అయినా తన పాలేరు తిన్న కంచం తోముతాడా? అప్పుడు నాకు తోచలేదు. చిన్నతాతకు షుగరు వచ్చాక ఆ ఇంట్లో టీలో చక్కెర మానేశారు. కాకాకు ఏ జబ్బూ లేదు, అయినా ఆయనా ఆ చప్పటి టీయే తాగేవాడు. దానికి మా అమ్మ చెప్పిన కారణం, చక్కెర మిగుల్చుకుంటున్నాడని. మా ఇంట్లో మనుషుల మీద అనుమానాలకు కొదవ లేదు, అయితే అవి ఎప్పుడూ తప్పు దిక్కుకే పోతాయి.

వానాకాలంలో చిన్నతాత చనిపోయాడు. నాన్నే కర్మ చేశాడు. పెద్దకర్మకు క్యాంపంతా వచ్చింది. ఆ రోజు కాకా ట్రాక్టరు దగ్గర నిలబడి విస్తరాకులు అందించడం నాకు గుర్తుంది. ఆ తర్వాత ఆయన పెంకుటింట్లో ఒంటరిగా ఉండిపోయాడు. పాలో కూరగాయలో తెచ్చి మా గేటు దగ్గర పెట్టేవాడు. లోపలికి మాత్రం రాడు. అమ్మ పిలిచినా రాడు. నీళ్లు కూడా ముట్టడు. దారిలో కాలువ తూము మీద కాసేపు కూర్చుని వెళ్లిపోతాడు.

చలికాలానికల్లా ఇది మా ఇంట్లో పెద్ద విషయమైపోయింది. ఎందుకంటే నాన్న ఆ చేను, ఆ ఇల్లు అమ్మాలనుకున్నాడు. కొనే మనిషి దొరికాడు. ఆ కొనే మనిషి తరఫు వకీలు, ఇంట్లో ఉంటున్న ముసలాయన ఎవరు, రేపు హక్కు అడిగితే ఎట్లా అని అడిగాడట. అప్పటి నుంచి నాన్నకు నిద్ర లేదు. కాకా మా ఇంట్లోకి రాకపోవడం ఆయనకు మౌన ధర్నాలా కనపడింది. కోర్టుకు పోతాడేమో, ఎవరైనా ఎగదోస్తున్నారేమో అని ఒకటే గొణుగుడు. అమ్మ అనుమానం ఇంకో రకం. మనింట్లో తింటే మందు పెడతామనుకుంటున్నాడా అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

అట్లాంటి రోజుల్లో నాన్న ఒకసారి నాకు ఫోన్ చేసి నా చదువు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఆయన ఎన్నడూ అడగని ప్రశ్న అది. తర్వాత మెల్లగా విషయంలోకి వచ్చాడు. పాతకాలం మనుషుల మాటలు రికార్డు చేస్తావు కదా, కాకాను కూర్చోబెట్టి మాట్లాడించు, మా బాబాయి దగ్గర ఎప్పుడు జీతానికి కుదిరాడు, జీతం ఎంత, అన్నీ ఆయన నోటితోనే చెప్పించు, నీ చదువుకూ పనికొస్తుంది అన్నాడు. నా చదువు ఆయనకు మొదటిసారి పనికొచ్చే వస్తువుగా కనపడింది.

నేను సరే అన్నాను. నా కారణం నాకుంది. నాన్నకు కాకా పాలేరు కావాలి, నాకు కాకా ప్రియుడు కావాలి. కాకాకు ఏం కావాలో మా ఇద్దరిలో ఒక్కరమూ ఆలోచించలేదు.

ఆదివారాల్లో బస్సెక్కి వెళ్లేదాన్ని. కాకా మోటారు షెడ్డు గడపలో కూర్చునేవాడు. మొదటి రోజే నా ఫోను వంక చూసి, "మీ నాయిన పంపిండా?" అన్నాడు. లేదు, నా చదువు కోసమన్నాను. సగం అబద్ధం. ఆయన నమ్మలేదు. ఫోను తెర మీద ఎర్రచుక్క వెలుగుతున్నంతసేపూ ఎరువుల గురించి మాట్లాడాడు. తర్వాతి ఆదివారం కాలువకు నీళ్లు వదిలే తేదీల గురించి. ఆ తర్వాత, ఎడ్లలో ఏ జాతి గట్టిదన్న విషయం. నేను తిప్పి తిప్పి చిన్నతాత దగ్గరికి తెస్తే, మంచోడు అని ఒక్క మాటతో గేటు వేసేసేవాడు. కాకా సొంత పెళ్లి సంగతి అడిగితే, చేసిండ్రు, ఆమె ఎల్లిపోయింది, మంచి పని చేసింది అన్నాడు, అంతే. ఆ మంచి పని అన్న మాట దగ్గర నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. నేను అట్లా ముందుకు వంగడం ఆయన చూశాడు, వెంటనే మళ్లీ ఎరువుల్లోకి వెళ్లిపోయాడు. నేను నా గదికొచ్చి ఆ రికార్డింగులు మా లెక్కల టీచరుకు వినిపించాను. ఆమె కాసేపు విని, నీ కాకా నీకంటే తెలివైనవాడు అని నవ్వింది.

మాఘమాసంలో క్యాంపులో ఒక పెళ్లి జరిగింది. మా పక్కింటివాళ్లది. కాకా చేతుల మీద పెరిగిన పిల్లాడి పెళ్లి. వాళ్లు స్వయంగా వెళ్లి పిలిచారు. కాకా వచ్చాడు గానీ షామియానా బయటే, మోటారు సైకిళ్లు ఆపిన చోట నిలబడ్డాడు. అక్షింతలు వెయ్యలేదు. భోజనానికి కూర్చోలేదు. చూశావా ఊరందరి ముందూ మనల్ని బద్నాం చేస్తున్నాడు అని నాన్న పళ్లు కొరికాడు. అమ్మ ఒక డబ్బాలో అన్నం, కూరలు, లడ్డూ సర్ది నాకిచ్చి పంపింది. నేను వెళ్లేసరికి ఆయన ఇంటిదారి పట్టాడు. కాలువ గట్టు మీద అందుకున్నాను.

డబ్బా వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"పెండ్లి బువ్వ నేను తినరాదు బిడ్డా. నా మైల తీరలే."

నాకు అర్థం కాలేదు. చిన్నతాత పోయి ఇన్ని నెలలైంది, పెద్దకర్మ కూడా అయిపోయింది కదా అన్నాను.

"మీకయింది. దినాల నాడు మీ నాయినకు బట్టలు పెట్టిండ్రు. మీ అమ్మకు పెట్టిండ్రు. నాకెవరు పెట్టిండ్రు?"

అడిగినట్టు లేదు, ఫిర్యాదు చేసినట్టూ లేదు. వాన పడలేదు అన్నంత మామూలుగా అన్నాడు. డబ్బా నా చేతుల్లోనే ఉండిపోయింది.

మనిషి పోయిన ఇంట్లో పెద్దకర్మ నాడు అయినవాళ్లు వచ్చి, దుఃఖంలో ఉన్న మనిషికి కొత్త బట్టలు పెడతారు. ఆ బట్టలు కట్టుకున్నాకే మళ్లీ గుడికి పోవచ్చు, శుభకార్యాలకు పోవచ్చు, పరాయి ఇంట్లో కూర్చుని తినొచ్చు. మైలను ఎవరికి వాళ్లు పట్టొచ్చు, తీర్చాలంటే మాత్రం ఇంకొకరి చెయ్యి కావాలి. కాకా తనకు తానే మైల పట్టాడు. ఆయన ఎవరికీ ఏమీ కాడు కాబట్టి తీర్చేవాళ్లు రాలేదు. అందుకే మా ఇంటి గడప తొక్కలేదు, మా నీళ్లు తాగలేదు. నాన్న దాన్ని ధర్నా అన్నాడు, అమ్మ విషం అనుకుంది. నేను నా పెద్ద చదువంతా వెంటపెట్టుకుని ప్రతి ఆదివారం వెళ్లి, ఆయన ఏదో దాస్తున్నాడని వెతికాను. ఆయన ఏమీ దాచలేదు. అందరి కళ్లముందూ ఇన్ని నెలలుగా ఒక భార్య చేసే పని చేస్తూ తిరిగాడు. అది తట్టగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. గట్టు మీద ఆయన ముందే ఏడ్చాను. ఆయన మాత్రం ఏడవలేదు, నా వంక కాస్త అనుమానంగా చూసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే నాన్నకు చెప్పాను. కాకాకు మనం బట్టలు పెడదాం అన్నాను. నాన్న రాతిమనిషి కాదు. చిన్నప్పుడు చెరకు బండి మీద కాకా పక్కన కూర్చుని ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్లిన కథ ఇప్పటికీ చెబుతాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత వకీలు గుర్తొచ్చాడు. కర్మ బట్టలు పెడితే ఆయన మా బాబాయి ఇంటిమనిషి అని నలుగురిలో ఒప్పుకున్నట్టే కదా, రేపు అదే పట్టుకుంటే ఏం చేస్తావు అన్నాడు. అసలు మగవాడికి మగవాడు పోతే మైలేమిటి, ఊళ్లో ఏమనుకుంటారు అని కూడా అన్నాడు. ఆ రెండో మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

కొన్నాళ్లకు ఆయనే ఒక ఉపాయం కనిపెట్టి ఫోన్ చేశాడు. గొంతులో ఎంతో సంతోషం. ఉగాదికి పెడదాం అన్నాడు. ఉగాదికి బట్టలు పెడితే కాకా మనసూ కుదుటపడుతుంది, ఎవరికీ ఏ మాటా చెప్పక్కర్లేదు అన్నాడు. మా నాన్న మంచితనానికి ఎప్పుడూ ఒక వకీలు తోడుంటాడు. మా వైపు పాలేర్ల ఏడాది ఉగాదితో మొదలవుతుంది. ఆ రోజు ఆసామి పాలేరుకు కొత్త బట్టలు పెడితే మళ్లీ ఏడాదికి కుదుర్చుకున్నట్టు. నాన్నకు అది తెలియకుండా ఉండదు. అయినా నిజంగానే కాకా మీద ప్రేమతో చేస్తున్నాడా, లేక వకీలుకు చూపించే ఫోటో కోసం చేస్తున్నాడా అన్నది నాకు తేలలేదు. ఆయనకూ తేలి ఉండదు.

పండగకు నేను బయలుదేరుతుంటే మా టీచరు నా సంచి సర్దింది. తనకు వచ్చిన సంబంధం వద్దన్నప్పటి నుంచి ఆమె ఇంటివాళ్లు పండగలకు పిలవడం మానేశారు. ఇంటికెళ్లి నోరు జారకు, నీ నోరు ఊరుకోదు అని నన్ను హెచ్చరించి బస్టాండు దాకా వచ్చింది.

ఉగాది పొద్దున మా గేటు ముందు నాన్న, ఆయన పక్కన క్యాంపు పెద్దలు ఇద్దరు. పండగ పూట వాళ్లెందుకు వచ్చారని అడిగితే, ఊరికే అన్నాడు. నాకు సాక్షులన్న మాటే గుర్తొచ్చింది. అరుగు మీద స్టీలు పళ్లెంలో పంచె, కండువా. పళ్లెం పక్కన కొత్త చెప్పుల జత. ఆ చెప్పులు చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. కర్మ బట్టలతో ఎవరూ చెప్పులు పెట్టరు. పాలేరుకే పెడతారు, చేలో నడవాలి కాబట్టి. నాన్న తన ఫోను నా చేతిలో పెట్టి వీడియో తియ్యమ్మా అన్నాడు.

కాకా స్నానం చేసి, పాతవే అయినా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాడు. గేటు బయటే ఆగాడు. నాన్న పళ్లెం పట్టుకుని ఎదురెళ్లాడు. కాకా పళ్లెం చూశాడు, చెప్పులు చూశాడు, ఇద్దరు పెద్దల్ని చూశాడు, నా చేతిలో ఫోను చూశాడు. చేతులు చాచలేదు.

"పెద్దోడా, గీ బట్టలు ఏ లెక్కన పెడుతున్నవ్?"

నాన్న నవ్వబోయాడు. పండగ పూట బట్టలు బట్టలే కదా కాకా అన్నాడు.

"కాదు. జీతగానికైతే ఉగాదికి పెడతరు, చెప్పులతోటి. సచ్చినోని ఇంటోల్లకైతే దినాలకు పెడతరు. నువ్వు ఏదన్నా సరే, తీసుకుంట. ఒక్కటే, నలుగుర్ల నోటితోటి చెప్పు."

నాన్నకు ఒక్క మాట చాలు. జీతగాడివి అంటే కాకా పళ్లెం అందుకుంటాడు, వకీలు కుదుటపడతాడు, చేను అమ్ముడుపోతుంది. ఆ ముసలాయన తన బతుకంతటినీ మా నాన్న నాలుక మీద పెట్టి నిలబడ్డాడు. కోర్టు లేదు, ధర్నా లేదు. నువ్వు నన్ను ఏమంటే అదే అవుతాను, అయితే నా ముఖం చూసి అను అంటున్నాడు. నాన్న నోరు తెరిచాడు. ఒక పెద్దమనిషి దగ్గి, చెప్పవయ్యా అన్నాడు. నాన్న అరుగు మీది చెప్పుల వంక చూశాడు. పాలేరు అనలేకపోయాడు. ఇంటిమనిషి అనడానికీ ధైర్యం చాలలేదు. తల దించుకున్నాడు.

నాకు నాన్న మీద జాలి, కోపం ఒకేసారి వచ్చాయి. ఫోను అరుగు మీద పెట్టేశాను. వెళ్లి ఆయన చేతుల్లోంచి పళ్లెం తీసుకున్నాను. ఆయన అడ్డు చెప్పలేదు.

దినాలకు కాకా, ఆలస్యమైంది అన్నాను.

కాకా కళ్లు చిన్నవయ్యాయి. ఆదివారాలన్నీ నన్ను చూసిన చూపే అది. కర్మ బట్టలు ఎవరు పడితే వాళ్లు పెట్టడానికి లేదు. దుఃఖంలో ఉన్న మనిషి తరఫువాళ్లు పెట్టాలి. నాన్న పక్షాన పెట్టే అధికారం నాకు లేదు, కాకా పల్లెవాళ్లు ఎన్నడో తెగతెంపులు చేసుకున్నారు. ఆయన అదే అడిగాడు.

"నువ్వు ఎవరి దిక్కుకెల్లి పెడుతున్నవ్ బిడ్డా?"

నన్ను ఈ లోకంలో ఎందరో ఎన్నో రకాలుగా గుచ్చి గుచ్చి అడిగారు. అందరికీ తప్పించుకునే జవాబులే ఇచ్చాను. ఈయన ఒక్కడే నాకు సంబంధించిన ప్రశ్న అని తెలియకుండా అడిగాడు.

"నీ దిక్కుకెల్లే కాకా. నేను గూడ మీ ఇద్దరి అసొంటిదాన్నే."

పెద్దమనుషులకు అర్థమైందో లేదో నేను చూడలేదు. నాన్నకు అర్థమైంది.

కాకా నన్ను ఇంకాసేపు చూశాడు. తర్వాత కండువా వేయించుకోవడానికి తల వంచాడు. ఆ తల నా ఛాతీ దాకా కూడా రాలేదు, అంత చిన్నవాడైపోయాడు ముసలితనంతో. కండువా భుజాల మీద సర్దాను. పంచె తీసుకుని గేటు పక్క కుళాయి దగ్గరికి వెళ్లి మళ్లీ నీళ్లు పోసుకున్నాడు. కొత్త బట్టలు కట్టుకుని, చిన్నతాత పోయిన తర్వాత మొదటిసారి మా ఇంటి గడప దాటాడు. నేల మీద కూర్చుని అప్పుడు ఏడ్చాడు. పెద్దగా, నోరు విప్పి, మావాళ్లు పెద్దకర్మ నాడు ఏడ్చినట్టు ఏడ్చాడు. అమ్మ ఏమీ అడగకుండా ఆయన ముందు ఆకు వేసింది.

నాన్న చాలాసేపటికి లోపలికి వచ్చాడు. ఆ వీడియో ఏం చేశాడో నాకు తెలియదు. చేను ఇప్పటికీ అమ్మలేదు, ఎందుకో చెప్పలేదు. ఆ రోజు మాత్రం వచ్చి కాకా పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, నీ గదిలో ఉండే ఆ అమ్మాయి పండగకు ఒక్కతే ఉందా అని అడిగాడు.

ఒక్కతే ఉంది అన్నాను. ఎందుకు అడిగావని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని నాకు భయం వేసింది.